కారు మీద మరకలా? తోమేముందు ఒక్క మాట!

మచ్చ పోగొట్టబోయి పూతే పోగొట్టుకోకుండా...

ఇత్తడి బిందె నల్లబడితే చింతపండు పెట్టి తోముతాం. వెండి కుందులకు విభూది రాస్తాం. పట్టుచీర మీద నూనె చుక్క పడితే వెంటనే పౌడరు చల్లుతాం. ఏ వస్తువు మీద ఏ మరక పడితే ఏం చెయ్యాలో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. అదేమిటో, వాకిట్లో నిలబెట్టిన కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అన్ని మరకలకూ ఒకటే వైద్యం... ఒక బకెట్ నీళ్ళు, గుప్పెడు సబ్బుపొడి, చేతికందిన పాతగుడ్డ! అదీ పోకపోతే పాత్రలు తోమే పీచు. అప్పటికీ పోకపోతే "ఆదివారం పాలిష్ కొట్టిద్దాంలే" అనే మాట.

"కారు సంగతి మగవాళ్ళది కదా, మనకెందుకు?" అంటారా? ఇప్పుడు స్టీరింగ్ పట్టే ఆడవాళ్ళు ఎంతమంది లేరు! పిల్లల్ని బడికి దింపేది, కూరగాయలకు వెళ్ళేది, అత్తగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళేది మనమే. టాక్సీ నడుపుకునే ఇళ్ళల్లో అయితే ఆ బండే అన్నం పెట్టే తల్లి. రంగు వెలిసిన బండిని అమ్మబోతే కొనేవాడు ముందు బేరం ఆడేది దాని మీదే. ఒక్క తలుపుకు రంగు వేయించినా ఖర్చు సంగతి అటుంచండి, పక్క తలుపు రంగుతో కలవడం కష్టం. అందుకే ఉన్న రంగును కాపాడుకోవడమే అసలైన పొదుపు.

మన వైపు మరకలు మనవే

చంద్రగిరి లాంటి ఊళ్ళో రోజూ తిరిగే బండికి ఏడాది పొడుగునా ఏదో ఒక మరక తప్పదు. తిరుపతి రోడ్డు ఎక్కితే దుమ్ము. శ్రీనివాస మంగాపురం, శ్రీవారి మెట్టు వైపు వెళ్ళి చెట్టు నీడన ఆపితే పిట్టల రెట్టలు. మామిడి పూత కాలంలో తోట పక్కన నిలిపితే అద్దం నిండా బంక. ఎండాకాలంలో కరిగిన తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, బురద, రాత్రిపూట దీపాలకు ఎగిరొచ్చి ముందు భాగమంతా అంటుకునే పురుగులు. ఏడాదంతా బోరు నీళ్ళ తెల్లమచ్చలు. వీటన్నిటికీ తోడు మనం భక్తిగా పెట్టే పసుపు, కుంకుమ!

ఇందులో ఏ మరకా ఇంకో మరక లాంటిది కాదు. కొన్ని పులుపు గుణం ఉన్నవి, కొన్ని సున్నం గుణం ఉన్నవి, కొన్ని జిడ్డు, కొన్ని రంగు. వైద్యం కూడా దాన్నిబట్టే మారాలి.

కారుకూ కళాయి ఉంటుంది!

మరకల జోలికి వెళ్ళేముందు కారు రంగు ఎలా ఉంటుందో ఒక్క నిమిషం చూద్దాం. పూర్వం ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి పూయించేవాళ్ళం, గుర్తుందా? ఆ పూత ఉన్నంతకాలం అందులో పులుసు కాచినా భయం లేదు. మసి పోవాలని ఇసుకేసి గీకేస్తే కళాయి లేచిపోయి చిలుము పట్టేది.

ఇప్పటి కార్లకూ సరిగ్గా అలాంటి పూతే ఉంటుంది. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, దాని మీద మనకు కనబడే రంగు, అన్నిటికన్నా పైన రంగు లేని పారదర్శకమైన పూత. దీన్నే క్లియర్ కోట్ అంటారు. మెరుపు దీనిదే, ఎండ నుంచి రంగును కాపాడేదీ ఇదే. ఈ పూతలన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ వాటా ఇంచుమించు 40, 50 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే కారు మెరుపంతా వెంట్రుక కన్నా పల్చటి పొరలో ఉందన్నమాట!

మిషన్ పెట్టి గట్టిగా రుద్ది పాలిష్ చేసిన ప్రతిసారీ ఆ పొరలో కొన్ని మైక్రాన్లు అరిగిపోతాయి. అరిగింది మళ్ళీ పెరగదు. ఏడాదికి రెండుసార్లు చొప్పున రుద్దించుకుంటూ పోతే నాలుగైదేళ్ళకు బానెట్ మీదా, పైకప్పు మీదా తెల్లతెల్లగా పొరలు లేవడం మొదలవుతుంది. అప్పుడు ఏ పాలిష్ పెట్టినా లాభం లేదు, రంగు వేయించాల్సిందే. అందుకే ఒక్క సూత్రం గుర్తు పెట్టుకోండి. మరక మొత్తం పోవడం కన్నా పూత మిగలడం ముఖ్యం. ముందు నీళ్ళు, తర్వాత షాంపూ, ఆ తర్వాత ఆ మరకకు తగిన మందు. రుద్దడం అన్నిటికన్నా చివర.

పసుపు, కుంకుమ మరకలు

కొత్త కారు కొంటే కాణిపాకం వరసిద్ధి వినాయకుడి గుడికో, తిరుపతిలో అలిపిరికో తీసుకెళ్ళి పూజ చేయించడం మన ఇళ్ళల్లో ఆనవాయితీ. ఆయుధపూజ నాడు పాత బండికైనా బొట్టు పెట్టకుండా ఉండం. బొట్టు పెట్టడం బాగానే ఉంటుంది. మర్నాడు కడిగేటప్పుడే వస్తుంది తంటా!

"ఏంది వదినా, కడిగే కొద్దీ ఎర్రబడతా ఉండాదే!" అని తెల్లకారు ముందు నిలబడి కంగారు పడేవాళ్ళు ఎంతమందో. అందులో వింతేమీ లేదు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని మనకు తెలిసిందే కదా, పారాణి రంగు వచ్చేదీ అలాగే. బట్టల సబ్బుపొడిలో ఉండేదీ ఆ సున్నం లాంటి క్షార గుణమే. కాబట్టి పసుపు మరక మీద సబ్బుపొడి వెయ్యకండి.

పసుపులోని రంగు నీళ్ళలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. ముందు పొడిగా ఉన్న పసుపును గుడ్డతో రుద్దకుండా నీళ్ళు ధారగా పోసి జార్చెయ్యండి. తర్వాత కార్ షాంపూ నీళ్ళతో మెల్లగా కడగండి. ఇంకా పచ్చగా కనిపిస్తే మెత్తని తెల్లగుడ్డ మీద కొద్దిగా స్పిరిట్ (మందుల షాపులో దొరికేది, ఇంజక్షన్ ముందు రాసేది) వేసుకుని మరక మీద అద్దండి. గుడ్డకు పసుపు అంటుతుంది. గుడ్డ మడత మార్చి మళ్ళీ అద్దండి. వెంటనే నీళ్ళతో కడిగెయ్యండి. అప్పటికీ లేత పసుపు చాయ మిగిలితే? ఏమీ చెయ్యకండి! చీర మీద పసుపు మరకను ఉతికి ఎండలో ఆరేస్తే నాలుగు రోజులకు మాయమవుతుంది చూడండి, ఇదీ అంతే. పసుపు రంగు ఎండకు ఆగదు. బండిని రోజూ ఎండలో తిప్పితే అదే పోతుంది.

కుంకుమ సంగతి వేరు. ఇంట్లో పసుపుతో చేసుకున్న కుంకుమైతే పసుపులాగే పోతుంది. బజారు కుంకుమల్లో రసాయన రంగులు కలిసినవి ఎక్కువ. అవి తడిలో నానితే పూతలోకి దిగుతాయి. అందుకని పూజ అయిన సాయంత్రమే కడిగేసుకోవాలి. పెద్దవాళ్ళు ఒప్పుకోరంటారా? అయితే ముందే ఓ ఉపాయం చేసుకోండి. బొట్టు అద్దం మూలన, డ్రైవరు చూపుకు అడ్డం లేనిచోట పెట్టండి. అద్దానికి ఆ రంగు పట్టదు. బానెట్ మీద తప్పదనుకుంటే తమలపాకు పరిచి దాని మీద పసుపు, కుంకుమ, పూలు ఉంచండి. తడి బంతిపూల దండను బానెట్ మీద ఎండలో వదిలెయ్యకండి, అది కూడా చాయ దింపుతుంది. పెళ్ళికారు అలంకరణకు అంటించిన టేపుల బంక మిగిలితే కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి తుడిస్తే వచ్చేస్తుంది.

పిట్టల రెట్టలు, పురుగులు

చూడ్డానికి చిన్నదే కానీ కారుకు పెద్ద శత్రువు పిట్ట రెట్ట. అందులో ఆమ్లం ఉంటుంది. దానికి మన ఎండ తోడవుతుంది. ఎండకు పైపూత వేడెక్కి కాస్త మెత్తబడి సాగుతుంది, రెట్ట మాత్రం ఎండి గట్టిపడుతుంది. సాయంత్రం చల్లబడేటప్పుడు పూత ముడుచుకుని దాని అచ్చు తీసుకుంటుంది. తర్వాత రెట్ట పోయినా ఆ గుర్తు ఉండిపోతుంది. మే నెలలో ఒక్క మధ్యాహ్నం చాలు ఆ పని జరగడానికి!

అలాగని ఎండిన రెట్టను గోటితో గీకకండి, పొడిగుడ్డతో తుడవకండి. పిట్టలు ఇసుక, గింజలు తింటాయి కదా, రుద్దితే ఆ నలుసులే గీతలు పెడతాయి. గుడ్డను నీళ్ళలో తడిపి, పిండకుండా దాని మీద పరిచి పది నిమిషాలు వదిలెయ్యండి. నానిన తర్వాత అదే గుడ్డతో ఎత్తి తీసెయ్యండి, అచ్చం ఇడ్లీ గిన్నెలో అంటుకున్న పిండిని నానబెట్టి తీసినట్టు. తర్వాత నీళ్ళు పోసి కడగండి. రోడ్డు మీద పురుగులు అంటుకున్నా ఇదే పద్ధతి. రాత్రి ప్రయాణం చేసి వస్తే మర్నాడు ఎండెక్కక ముందే ఈ పని పెట్టుకోండి.

ఒక అలవాటు చేసుకోండి. బండిలో ఎప్పుడూ ఒక సీసా నీళ్ళు, రెండు ఉతికిన మెత్తని గుడ్డలు ఉంచండి. ఎక్కడ రెట్ట పడితే అక్కడే తీసెయ్యవచ్చు. ఇంతకన్నా చవకైన పాలిష్ ఇంకొకటి లేదు.

చెట్టు బంక, తేనెమంచు, తారు

మామిడి పూత కాలంలో చెట్టు కింద పెట్టిన కారు మీద చెమట పట్టినట్టు జిగురు చుక్కలు కనిపిస్తాయి. అది చెట్టు కార్చింది కాదు. పూతను పట్టే తేనెమంచు పురుగులు విడిచే తియ్యటి జిగురు. అలాగే వదిలేస్తే దాని మీద దుమ్ము చేరి, మసిలాంటి నల్లటి బూజు పడుతుంది. తాజాగా ఉన్నప్పుడు గోరువెచ్చటి నీళ్ళు, కార్ షాంపూ చాలు, పంచదార పాకం కరిగినట్టు కరిగిపోతుంది.

కొన్ని చెట్ల కొమ్మల నుంచి కారే నిజమైన బంక దీనికన్నా మొండిది. నీళ్ళకు లొంగదు. స్పిరిట్ తడిపిన గుడ్డను ఒక నిమిషం దాని మీద అద్ది పట్టుకుంటే మెత్తబడుతుంది. మెత్తబడ్డ తర్వాత తుడిచి, వెంటనే నీళ్ళతో కడగండి.

తారుకు మాత్రం నూనె మందు. పనసకాయ కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకుంటాం కదా, అదే తర్కం. తారు చుక్కల మీద కొబ్బరినూనె రాసి పావుగంటో, అరగంటో వదలండి. నల్లగా కరిగి వస్తుంది. మొండికేస్తే కార్ల సామాన్ల షాపులో తారు తీసే ద్రావకం దొరుకుతుంది. థిన్నర్, పెట్రోలు వాడకండి. థిన్నర్ రంగునే కరిగిస్తుంది. పెట్రోలు నిప్పుతో చెలగాటం. స్పిరిట్ కూడా మండేదే. దేవుడి దీపం దగ్గరగానీ, పొయ్యి దగ్గరగానీ సీసా పెట్టకండి, పిల్లలకు అందనివ్వకండి. దేన్ని వాడినా ముందు తలుపు లోపలి అంచున కనబడనిచోట కాస్త రాసి చూడండి. గుడ్డకు కారు రంగు అంటితే ఆపెయ్యండి. అలా అంటిందంటే ఆ బండికి పైన క్లియర్ కోట్ లేదని అర్థం. కొన్ని పాత బండ్లు అలాంటివే.

బోరు నీళ్ళ తెల్లమచ్చలు

నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కట్టడం చూస్తుంటాం. ఉప్పదనం ఉన్న బోరు నీళ్ళతో కడిగిన కారును ఎండలో ఆరనిస్తే జరిగేదీ అదే. నీళ్ళు ఆవిరైపోతాయి, సున్నం, లవణాలు గుండ్రటి మచ్చలుగా మిగులుతాయి. నల్లకారు, ఎర్రకారు అయితే మరీ బాగా కనిపిస్తాయి.

కొత్త మచ్చలకు తెల్ల వెనిగర్ పనికొస్తుంది. సగం వెనిగర్, సగం నీళ్ళు కలిపి గుడ్డను తడిపి మచ్చ మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచి, తుడిచి, మంచి నీళ్ళతో బాగా కడగండి. ఈ పని నీడలోనే, రేకు చల్లగా ఉన్నప్పుడే చెయ్యాలి. బాత్‌రూమ్ మచ్చలు పోగొట్టే యాసిడ్ ఉంది కదా అని దాన్ని మాత్రం తేకండి. అది రంగునూ, చక్రాలనూ, మీ చేతులనూ కూడా తినేస్తుంది.

మచ్చలు పడకుండా చూసుకోవడమే మేలు. కడిగిన వెంటనే పొడిగుడ్డతో నీళ్ళు పీల్చెయ్యండి. చివరగా పోసే అరబకెట్ మాత్రం ఉప్పు లేని నీళ్ళు అయితే ఇంకా మంచిది. పట్టి ఉంచిన వాననీళ్ళు, ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళు దీనికి బాగా పనికొస్తాయి. ఏసీ నీళ్ళు గాలిలోని తేమ చల్లబడి వచ్చినవి, వాటిలో లవణాలు దాదాపు ఉండవు. ఇక్కడే చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఆర్‌ఓ మిషన్ నుంచి బయటికి పోయే నీళ్ళు వృథా అవుతున్నాయని బకెట్లలో పట్టి కారు కడుగుతుంటారు. పొదుపు మంచిదే. కానీ మంచినీళ్ళలోంచి తీసేసిన లవణాలన్నీ ఉండేది ఆ నీళ్ళలోనే! వాటిని గచ్చు కడగడానికి వాడండి, కారుకు వద్దు.

సున్నం, సిమెంటు, బురద

పండక్కి ఇంటికి సున్నమో, రంగో వేయిస్తుంటే ముందు కారును వీధి చివరికి తీసుకెళ్ళి పెట్టండి. పక్కింట్లో కట్టుబడి జరుగుతున్నా అంతే. సున్నం, సిమెంటు తుంపరలు తడిగా ఉన్నప్పుడు ధారాళంగా నీళ్ళు పోస్తే పోతాయి. ఎండిపోతే రాయి అవుతాయి. అప్పుడు గీకకుండా, పైన చెప్పిన వెనిగర్ నీళ్ళతో మళ్ళీ మళ్ళీ నానబెట్టి కొద్దికొద్దిగా తియ్యాలి. పెద్ద పెచ్చులైతే తెలిసినవాళ్ళకు అప్పగించడం మేలు.

2021 నవంబరులో తిరుపతి, చంద్రగిరి ప్రాంతాల్ని వరద ముంచెత్తినప్పుడు వీధుల్లోకి ఎంత ఒండ్రుమట్టి వచ్చిందో మరిచిపోలేం. ఏటా పెద్ద వాన పడ్డప్పుడు కొంతైనా ఆ బురద తప్పదు. ఎండిన బురదను చీపురుతో దులపడం, గుడ్డతో తుడవడం అస్సలు వద్దు. మన మట్టిలో రాతిపొడి ఎక్కువ, ఆ నలుసులు కారు పూత కన్నా చాలా గట్టివి. నీళ్ళు చల్లి నానబెట్టి, పై నుంచి కిందికి ధారగా పోసి జార్చాలి. వాకిట్లో గాలికి లేచే ముగ్గుపిండీ అంతే. రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో కారు తుడవడం శుభ్రం అనుకుంటాం. కారు మీద ఎండలో సాలెగూడులా కనిపించే సన్నగీతలు చాలావరకు ఇలాంటి తుడుపు వల్లే పడతాయి.

మూడు బకెట్లతో స్నానం

పైపు పెట్టి గంటసేపు నీళ్ళు వదలక్కర్లేదు. మన సీమలో నీటి విలువ మనకు తెలియనిదా? మూడు బకెట్లు, అంటే సుమారు 45 లీటర్లు ఉంటే చాలు.

మొదటి బకెట్ నీళ్ళు చెంబుతో పైకప్పు నుంచి పోసి దుమ్మును జార్చండి. కాసిని చివరికి మిగుల్చుకోండి. రెండో బకెట్‌లో కార్ షాంపూ కలపండి. మూడో బకెట్‌లో వట్టి నీళ్ళు. గుడ్డను షాంపూలో ముంచి కొంత మేర తుడిచి, వట్టి నీళ్ళలో జాడించి, మళ్ళీ షాంపూలో ముంచండి. మురికి మూడో బకెట్‌లోనే ఉండిపోతుంది, మళ్ళీ కారు మీదికి రాదు. పై నుంచి కిందికి రండి. చక్రాలకు, కింది అంచులకు వేరే గుడ్డ వాడండి. గుడ్డ కింద పడితే దాన్ని పక్కన పెట్టెయ్యండి, ఒక్క ఇసుక రేణువు చాలు బానెట్‌ను గీరడానికి.

గుడ్డంటే ఏ గుడ్డైనా కాదు. మైక్రోఫైబర్ గుడ్డ మంచిది. లేదంటే బాగా నలిగిన మెత్తని నూలు బనియన్. జరీ అంచులు, గుండీలు, గట్టి కుట్లు ఉన్నవి పనికిరావు. పొద్దున ఎండెక్కక ముందో, సాయంత్రం నీడ పడ్డాకో కడగండి. తడి కారు మీదా, దుమ్ము కారు మీదా కవరు కప్పకండి. గాలికి కవరు కదిలినప్పుడల్లా దుమ్ము ఉప్పుకాగితంలా రుద్దుతుంది.

పాలిష్ అంటే ఏ పాలిష్?

షాపుల్లో "పాలిష్" అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు పనులు జరుగుతుంటాయి. తెలుసుకోకపోతే డబ్బూ పోతుంది, పూతా పోతుంది.

కాంపౌండ్ : గరుకుగా ఉండేది. పూతను అరగదీసి గీతలు పోగొడుతుంది. పెద్ద మచ్చలకు తప్ప వాడకూడదు.

పాలిష్ : ఇదీ అరగదీసేదే, కానీ మెత్తగా. లేత మచ్చలు, సన్నగీతలు పోయి మెరుపు వస్తుంది.

వాక్స్ : ఇది అరగదీయదు. పైన మైనంలా పల్చటి పూత పెడుతుంది. బ్రెజిల్‌లో పెరిగే కర్నౌబా అనే తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం ఇందులో పేరున్నది. నీళ్ళు ముత్యాల్లా జారిపోతాయి, రెట్టలు, బంక తొందరగా అంటుకోవు. మన ఎండలకు రెండు మూడు నెలలకోసారి మళ్ళీ రాసుకోవాలి.

చాలా బండ్లకు కావలసింది మూడోది. జరిగేది మాత్రం మొదటిది!

కడిగి, వెనిగర్, స్పిరిట్ వాడి చూసినా ఒక మచ్చ మిగిలిందనుకోండి. ముందు దాన్ని పరీక్ష చెయ్యండి. నీళ్ళు పోస్తే గీత కనబడకుండా పోతే అది పైపూతలోనే ఉంది, మెత్తని పాలిష్‌కు తగ్గుతుంది. గోరు ఆడిస్తే గోటికి తగిలితే అది లోతుగా దిగింది, ఎంత రుద్దినా పోదు. రుద్దకండి.

చేత్తో పాలిష్ చెయ్యడం మనకు కష్టమేమీ కాదు. కడిగి ఆరిన కారు, నీడ, చేతికి చల్లగా తగిలే రేకు... ఈ మూడూ కుదిరాక మొదలుపెట్టండి. రూపాయి బిళ్ళంత పాలిష్ మెత్తని గుడ్డ మీద తీసుకుని జానెడు జాగాలో మాత్రమే, తేలికగా, ముందుకీ వెనక్కీ నిమిషం పాటు పూయండి. శుభ్రమైన గుడ్డతో తుడిచి చూడండి. మచ్చ సగం తగ్గిందా? ఇంకొక్కసారి. అంతే, ఆపెయ్యండి. దగ్గరికెళ్ళి వెతికితే తప్ప కనబడనంత మచ్చను వదిలెయ్యడమే తెలివి. తలుపు అంచులు, బానెట్ మడతల దగ్గర పూత మరీ పల్చన, అక్కడ చెయ్యి పెట్టకండి. చివరగా ఆ భాగానికి వాక్స్ పల్చగా రాసి, ఆరి మసకబారాక తుడిచెయ్యండి. నల్ల ప్లాస్టిక్ భాగాలకు వాక్స్ తగలనివ్వకండి, తెల్లగా పట్టుకుంటుంది.

షాపుకు ఇచ్చేట్టయితే నాలుగు ప్రశ్నలు అడగండి. వాడేది కాంపౌండా, పాలిషా, వాక్సా? మిషన్‌కు పెట్టే ప్యాడ్ శుభ్రంగా ఉందా? ముందు చిన్నచోట చేసి చూపిస్తారా? అంచులకు టేపు వేస్తారా? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట బండి ఇవ్వకండి. ఇక ఈమధ్య సిరామిక్ కోటింగ్ పేరు బాగా వినిపిస్తోంది. అది వాక్స్ కన్నా ఎక్కువకాలం నిలుస్తుంది, నిజమే. కానీ దాని మీదా రెట్ట పడితే కడగాల్సిందే, బోరు నీళ్ళ మచ్చలు దానికీ పడతాయి.

వంటింటి నుంచి ఏవి తేవచ్చు, ఏవి తేకూడదు?

తేవచ్చు : కొబ్బరినూనె (తారుకు, టేపు బంకకు), తెల్ల వెనిగర్ (సగం నీళ్ళతో, ఒకటి రెండు నిమిషాలే), గోరువెచ్చటి నీళ్ళు (బంకకు. మరిగే నీళ్ళు వద్దు), మెత్తని పాత నూలుగుడ్డ.

తేకూడదు : చింతపండు, నిమ్మచెక్క (ఇత్తడికి మంచివే, కానీ వాటి పులుపు, పిప్పి పూత మీద ఎండి మచ్చ దిగుతుంది), పాత్రలు తోమే పౌడరు, పీచు, బూడిద (గీతలు ఖాయం), బట్టల సబ్బు, గిన్నెల సబ్బు (ఉన్న వాక్స్ అంతా కడిగేస్తాయి), పాత దినపత్రిక (అద్దాలకు సరే, రంగుకు కాదు), టూత్‌పేస్ట్ (అదీ అరగదీసేదే, ఎంత అరగదీస్తుందో చెప్పలేం).

మన స్కూటీకీ ఇవే సూత్రాలు వర్తిస్తాయి. ఒక్క తేడా ఉంది. మెరుపు లేని మ్యాట్ రంగు బండ్లు ఇప్పుడు చాలా వస్తున్నాయి. వాటికి పాలిష్, మామూలు వాక్స్ రెండూ పనికిరావు. రుద్దినచోట మాత్రం మెరిసి, పెళ్ళికి ముఖంలో సగానికే పౌడరు రాసినట్టు తయారవుతుంది!

వారానికోసారి మూడు బకెట్ల స్నానం, రెట్ట పడ్డ రోజే తడిగుడ్డ, మూడు నెలలకోసారి వాక్స్. కాంపౌండ్ మాట ఎవరైనా ఎత్తితే, కళాయి గిన్నె సంగతి చెప్పండి. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు ఆ ఒక్క మాటతో మొత్తం అర్థమైపోతుంది.